బిడ్డకు మాట ఆలస్యమైతే

మూడేళ్ళు నిండవస్తున్నా బిడ్డ నోట "అమ్మ", "అవ్వ" తప్ప మరో మాట రాకపోతే ఆ యింట్లో పెద్దలకు కంటిమీద కునుకు పట్టదు. ఇరుగుపొరుగువారి ఓదార్పుకు మాత్రం కొదవ వుండదు. "మగపిల్లలకు మాట ఆలస్యమేనమ్మా" అని ఒకరంటారు. "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాట వచ్చింది" అని మరొకరంటారు. "వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయలేదా?" అని యింకొకరు అడుగుతారు. అదేపనిగా మాట్లాడే పిల్లను "వసపిట్ట" అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళం మనం. తమిళుల యిళ్ళలోనూ "వసంబు" అన్న పేరుతో ఆ కొమ్ముకు అంత గౌరవమూ వుంది. కాని వినికిడి లేని బిడ్డకు మాట తెప్పించే శక్తి దానికి లేదు. ఓదార్పులతోనూ కొమ్ములతోనూ ఒక యేడాది గడిచిపోతుంది. ఆ యేడాదే బిడ్డకు మహా విలువైనది.

రాజపాళయంలో వుంటున్న మన తెలుగు కుటుంబాలకు యీ విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మాట నేర్పే వైద్యం, అంటే స్పీచ్ థెరపీ, యెక్కడ దొరుకుతుందో యెవరిని అడగాలో తెలియకపోవడం. రెండవది మనకే ప్రత్యేకమైనది. మన యింట్లో తెలుగు, వీథిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. "మూడు భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానెయ్యండి" అని సలహా చెప్పేవారు చాలామంది తారసపడతారు. ఈ రెండు చిక్కులను గురించీ తల్లిదండ్రులకు పనికివచ్చే నాలుగు సంగతులు చెప్పడమే యీ వ్యాసం వుద్దేశం.

ఎప్పుడు అనుమానించాలి?

పిల్లలందరూ ఒకే తేదీన మాట్లాడరు. అయినా కొన్ని మైలురాళ్ళున్నాయి. బిడ్డ తొమ్మిది పది నెలలకల్లా "బబ్బబ్బ", "దద్దద్ద" అని అక్షరాలు దొర్లించాలి. యేడాది నిండేసరికి పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. యేడాదిన్నరకు కావలసిన వస్తువును వేలితో చూపించాలి. కొన్ని మాటలైనా పలకాలి. రెండేళ్ళకు "పాలు ఇయ్యి", "తాత రా" అని రెండేసి మాటలు జోడించాలి. మూడేళ్ళకు బిడ్డ మాట యింట్లోవాళ్ళకు చాలావరకు అర్థం కావాలి. నాలుగేళ్ళకు కొత్తవాళ్ళకు కూడా అర్థం కావాలి.

వీటిలో ఒకటి రెండు వెనకబడినంత మాత్రాన గుండెలు బాదుకోనవసరం లేదు. ఆలస్యంగా మొదలుపెట్టి తోటివారిని అందుకునే పిల్లలు చాలామందే వుంటారు. కాని అందుకునేదెవరు, అందుకోనిదెవరు అన్నది చూపుతో తేల్చగల మొనగాడు లేడు. కాబట్టి అనుమానం కలిగితే చూపించడమే మేలు. బాగానే వుందని తేలితే పోయేది ఒక పూట మాత్రమే. ఇక బిడ్డ వచ్చిన మాటలను పోగొట్టుకుంటూవుంటే, అది యే వయసైనా సరే, ఆ వారంలోనే వైద్యునికి చూపించాలి. మాట లేకపోవడంతోపాటు కళ్ళలోకి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం కూడా వుంటే ఆ సంగతి వైద్యునికి విడిగా చెప్పాలి.

ముందు చెవి, తరువాత నాలుక

బిడ్డ మాట్లాడకపోతే మనవాళ్ళు మొట్టమొదట నాలుకను అనుమానిస్తారు. నాలుక కింది నరం కోయిస్తే మాట వస్తుందని పరుగెత్తుతారు. నాలుక అంటుకొనివుండడం వల్ల కొన్ని శబ్దాల వుచ్చారణలో యిబ్బంది వుండవచ్చునేమోగాని, అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. ముందు చూపించవలసింది చెవిని.

"వెనకాల పళ్ళెం పడితే తిరిగి చూస్తున్నాడే!" అని తల్లులు అంటారు. పళ్ళెం చప్పుడు వినబడినంతమాత్రాన "స", "త", "క" వంటి సన్నని శబ్దాలు వినబడుతున్నాయని చెప్పడానికి వీల్లేదు. మాటి మాటికి జలుబు చేసే పిల్లలకు చెవి లోపల నీరు చేరి, కొన్ని వారాలపాటు మాటలు నీళ్ళలోనుండి విన్నట్టు మందంగా వినబడవచ్చు. ఇది మందులతోనో చిన్న చికిత్సతోనో నయమయ్యేదే.

చెవి పరీక్ష అంటే భయపడనక్కరలేదు. ఓ.ఏ.ఈ. అనే పరీక్షలో చిన్న మెత్తని బిరడా చెవిలో పెట్టి, శబ్దం పంపి, చెవి లోపలినుంచి వచ్చే ప్రతిధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. బేరా అనే పరీక్షలో నిద్రపోయే బిడ్డ తలకు చిన్న తీగలు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతున్నదో లేదో చూస్తారు. బిడ్డ జవాబు చెప్పవలసిన పని లేదు, నొప్పి వుండదు. పుట్టుచెవుడని తేలినా నిరాశపడకూడదు. వినికిడి యంత్రం వున్నది. అది చాలనివారికి లోపల అమర్చే కాక్లియర్ పరికరం వున్నది. ఆరేళ్ళలోపు పిల్లలకు ఆ శస్త్రచికిత్సను తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకంలో చేరుస్తున్నారు. పరికరం పెట్టిన తరువాత మాట నేర్పే శిక్షణ తప్పదు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత ఫలితం.

ఎవరిని అడగాలి?

మిల్లు షిఫ్టుకు పోయే తల్లిదండ్రులు వారానికి రెండుసార్లు మదురైకి తిరగడమంటే మాటలు కాదు. ఆనాటి కూలి పోతుంది, పైన బండి ఖర్చు. కాబట్టి దగ్గరలో వున్న దారులను ముందు తెలుసుకోవాలి.

మొదటి మెట్టు మన వీథిలోని అంగన్‌వాడీ. కేంద్రప్రభుత్వం 2013లో "రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం" అనే పథకం ప్రారంభించింది. దాని ప్రకారం వైద్య బృందం యేడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. చూసే లోపాలలో వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా వున్నాయి. అవసరమైన బిడ్డను జిల్లా స్థాయిలో వుండే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఆ కేంద్రంలో పిల్లల వైద్యునితోపాటు వినికిడి, మాట నిపుణులు వుండాలన్నది పథకంలోని యేర్పాటు, చికిత్స వుచితం. మన బిడ్డ ప్రైవేటు నర్సరీకి పోతున్నా, అంగన్‌వాడీకి పోయి "మా పిల్లవాడిని కూడా చూడండి" అని అడగడానికి మొహమాటపడకూడదు. బృందం వచ్చేదాకా ఆగలేనివారు మన వూరి ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల వైద్యునికి చూపించి, యెక్కడికి పోవాలో చీటీ వ్రాయించుకోవచ్చు. విరుదునగరంలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల వున్నది. సెంగోట్టై నుండి వచ్చే రైలు మన వూరి మీదుగానే విరుదునగరం, మదురై పోతుంది.

రెండవది పాఠశాల విద్యాశాఖవారి వట్టార వళ మయ్యం. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు వుంటారు. బడి వయసు రాని పిల్లల సంగతి కూడా అక్కడ అడగవచ్చు. మూడవది జిల్లా కలెక్టరు కార్యాలయంలోని మాట్రుత్తిరనాళిగళ్ సంక్షేమశాఖ. తమిళనాడు ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన "రైట్స్" పథకంలో "విళుదుగళ్" అనే కేంద్రాలను తెరుస్తున్నది. విళుదు అంటే మర్రి వూడ. ఆ కేంద్రాలలో మాట శిక్షణ కూడా ఒక భాగం. మనకు దగ్గరలో వున్నది యేదో ఆ శాఖవారినే అడగాలి.

ప్రైవేటు నిపుణుల దగ్గరికి పోతే ఒక ప్రశ్న తప్పక వేయండి: "మీకు భారత పునర్వాస మండలి నమోదు సంఖ్య వున్నదా?" 1992 నాటి చట్టం ప్రకారం యీ వృత్తి చేసేవారు ఆ మండలిలో నమోదు కావాలి. నిజమైన నిపుణులు యీ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. "ఇన్ని నెలల్లో మాట తెప్పిస్తాను" అని పందెం కట్టేవారిని మాత్రం నమ్మకండి.

పెద్ద సంస్థల సలహా కావలసివస్తే, మైసూరులో 1965లో వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వున్నది. చెన్నై దగ్గర ముట్టుకాడులో 2005లో యేర్పడిన జాతీయ సంస్థ, ఒకటికి మించిన లోపాలున్న పిల్లలను చూస్తుంది. తెలుగులోనే మాట్లాడి పరీక్షించేవారు కావాలంటే సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వున్నది. మరొక మాట. వైకల్య ధ్రువపత్రం వుంటేనే శిక్షణ యిస్తారేమోనని చాలామంది వెనకాడతారు. మాట ఆలస్యమైన పసిబిడ్డకు శిక్షణ మొదలుపెట్టడానికి ఆ కాగితంతో పనిలేదు.

"తెలుగు మానెయ్యండి" అంటే?

మన వీథుల్లో ఒక యింట జరిగిన సంగతి ఇది. మూడేళ్ళ మనుమడికి మాట రాలేదని పెద్దవూరిలో ఒకచోట చూపించారు. "ఇకమీదట ఇంట్లో ఒకే భాష, తమిళమో ఇంగ్లీషో మాట్లాడండి" అని అక్కడివారు చెప్పి పంపారు. తల్లి, తండ్రి వుద్యోగాలకు పోతే పగలంతా బిడ్డను చూసేది అవ్వ. ఆమెకు తమిళం బజారుకు చాలినంతే వచ్చు. తన తెలుగువల్ల మనుమడికి కీడు జరుగుతుందేమోనని ఆ ముసలామె నోరు కట్టేసుకున్నది. అన్నం పెట్టేటప్పుడు కథ లేదు, పడుకోబెట్టేటప్పుడు జోల లేదు. ఆ పిల్లవానితో అందరికంటే యెక్కువగా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె మూగదైతే యింట్లో మిగిలింది టెలివిజన్ మాట. ఆరు నెలల తరువాత మరొక నిపుణురాలు ఆ సంగతి విని, "అవ్వను మాట్లాడనివ్వండి, ముందు ఆ పని చెయ్యండి" అన్నదట. ఆ పిల్లవానికి యిప్పటికీ శిక్షణ జరుగుతూనే వున్నది. అయితే అవ్వను యేదో ఒకటి అడగడం మొదలుపెట్టాడు.

రెండు భాషలు బిడ్డ బుర్రను చెరుపుతాయన్న నమ్మకం ఒకప్పుడు పండితులకూ వుండేది. 1962లో కెనడా దేశపు మాంట్రియాల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ళ పిల్లలను పరీక్షించి, రెండు భాషలు వచ్చినవారు ఒక భాష వచ్చినవారికంటే తీసిపోకపోగా పలు పరీక్షలలో మెరుగ్గా వున్నారని చూపారు. మనకు మరింత ముఖ్యమైనది 2003లో జొహాన్ పారడీ, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన. వారు భాషాలోపమున్న పిల్లలనే తీసుకున్నారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ నేర్చే పిల్లల వ్యాకరణ దోషాలను, ఒకే భాష నేర్చే పిల్లల దోషాలతో పోల్చారు. రెండు భాషల పిల్లలకు లోపం అదనంగా యేమీ కనిపించలేదు. అంటే లోపం వున్న బిడ్డకు రెండవ భాష మరో బరువు కాలేదన్నమాట.

కాబట్టి యెవరైనా తెలుగు మానమంటే వినయంగా మూడు సంగతులు చెప్పండి. మొదటిది, మాటల లెక్క. బిడ్డకు వచ్చిన మాటలను రెండు భాషలనుంచీ కలిపి లెక్కవేయాలి. "పాలు" తెలుగులో, "తణ్ణి" తమిళంలో చెబితే అవి రెండు మాటలు. తమిళ మాటల పట్టికతో మాత్రమే కొలిస్తే మన బిడ్డ సగం మాటలు లెక్కకు రావు. రెండవది, శబ్దాల తేడా. తమిళ లిపిలో "ప", "బ"లకు ఒకటే అక్షరం. మనకు "పాట" వేరు, "బాట" వేరు. "కాలి" వేరు, "గాలి" వేరు. తమిళం మాత్రమే తెలిసిన నిపుణులకు యీ తేడా మనమే చెప్పాలి. మూడవది, భాషల కలగలుపు. "అమ్మా, తణ్ణి ఇయ్యి" అన్న బిడ్డ తికమకపడటంలేదు. మన యింట్లో పెద్దలు మాట్లాడేదే మాట్లాడుతున్నాడు.

నిపుణులు తమిళంలో శిక్షణ చెప్పినా నష్టంలేదు. వారు చూపిన పద్ధతిని యింటికి వచ్చి తెలుగులో చేయడం మన పని.

ఇంట్లో చేయవలసినది

నిపుణులు వారానికి ఒక గంటో రెండు గంటలో చూస్తారు. తక్కిన గంటలన్నీ మనవి. స్నానం, తిండి, బట్టలు మడతపెట్టడం, యివే పాఠాలు. చేస్తున్న పనిని చిన్న మాటల్లో చెబుతూ చెయ్యండి: "నీళ్ళు పోస్తున్నా. వేడి నీళ్ళు." బిడ్డ "పాలు" అంటే "పాలు కావాలా? వేడి పాలు" అని ఒక మాట చేర్చి తిరిగి చెప్పండి. "సరిగ్గా చెప్పు" అని గద్దించకండి. "అరటిపండా, బిస్కత్తా?" అని రెండూ చూపించి ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఆ ఆగడమే కష్టం. బిడ్డ నోరు విప్పకముందే అన్నీ చేతికి అందిస్తే అతనికి మాటతో పనేముంది? దాగుడుమూతలు, గుజ్జనగూళ్ళు, చేతులాటలు, జోలపాటలు, వీటిలో వంతులవారీగా మాట్లాడే అలవాటు దాగివున్నది.

సెల్‌ఫోను బొమ్మలు బిడ్డకు జవాబు చెప్పవు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండునుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంటకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

మన సంఘం కూడా యిందులో కొంత చేయవచ్చును. నమోదు అయిన నిపుణుల పేర్లు విచారించి ఒక పట్టిక వ్రాసివుంచవచ్చు. వారానికొక పూట నిపుణులను పిలిపించి సంఘం హాలులో కూర్చోబెడితే, పది కుటుంబాలు మదురై ఖర్చు తప్పించుకుంటాయి. తెలుగు బొమ్మల కార్డులు తయారుచేయడానికి మన పిల్లల చేతులే చాలు. వందల యేళ్ళ క్రిందట మన పెద్దలు యీ కొండల దాపుకు వచ్చినప్పుడు మోసుకువచ్చిన తెలుగు, లిపి రానివారి నోటనే యిన్నాళ్ళూ నిలిచింది. మాట ఆలస్యమైన బిడ్డకు ఆ భాషలో అందరితోపాటు వాటా వున్నది. ఎవరింట్లోనైనా అటువంటి పసివాడు వుంటే, వచ్చే పండుగ దాకా చూద్దామనుకోకుండా యీ వారంలోనే చెవి పరీక్ష చేయించండి. అవ్వను మాత్రం మాట్లాడనివ్వండి.