పాత ట్రాక్టరు లింకులు మార్చుకొనువారికి మనవి

ద్వీపవాసులమైన మనకు యంత్రముల విడిభాగములు ఓడమీద రావలసినవే. అందుచేత మూలపడిన ట్రాక్టరు లింకులను ఊడదీసి, నడచుచున్న దానికి తగిలించుకొనుట సేద్యగాండ్రకు సహజము. ఈ పొదుపును మేము కాదనము. కాని దేనిని మార్చవచ్చునో, దేనిని మార్చరాదో తెలిసి చేయుట మేలు.

ఫెర్గూసన్ ట్రాక్టరులనే ఉదాహరణముగా గైకొందము. ఇంగ్లాండులోని కవెంట్రీ నగరమున 1946 మొదలు 1956 వరకు టి.ఇ. 20 తయారయ్యెను. 1956లో దాని స్థానమున వచ్చిన ఎఫ్.ఇ. 35, పిదప మాసీ ఫెర్గూసన్ 35 అను పేరుతో ప్రసిద్ధి కెక్కెను. రెండింటికిని వెనుక క్రిందివైపు రెండు లింకులు, పైన ఒకటి గలవు. క్రింది పిన్ను లావు 22 మిల్లీమీటర్లు, పై పిన్ను లావు 19 మిల్లీమీటర్లు. దీనినే మొదటి తరగతి యందురు. కనుక ఒకదాని నాగలి రెండవదానికి పట్టును.

అయితే పిన్ను పట్టినంత మాత్రమున పని ముగియలేదు. క్రింది లింకులు రెంటిని నేలమీద ప్రక్కప్రక్కన పెట్టి, కన్నునుండి కన్నునకు కొలువవలయును. పొడవులు సమానము కానిచో నాగలి వంకరగా నడచును. కావున జతగానే మార్చుట శ్రేయస్కరము. కంటిలోని గుండు అరిగి వదులైన లింకును తగిలింపనే రాదు.

పై లింకు కేవలము ఊతకొరకు గాదు. నాగలి నేలలో బిగిసినపుడు అది ముందునకు నెట్టును. ఆ ఒత్తిడి లోపలి స్ప్రింగు ద్వారా హైడ్రాలిక్ వాల్వునకు చేరగా నాగలి కొంచెము లేచును. టి.ఇ. 20కి ఇందులకు ఒకే లీవరు. 35కు లాగుడు బరువున కొకటి, నాగలి ఎత్తున కొకటిగా రెండు. కనుక బయటి లింకులను కొలిచి మార్చుకొన్నను, లోపలి స్ప్రింగును మాత్రము ఆ యంత్రపు పుస్తకములోని నంబరు చూడక మార్చరాదు.

రెండవ తరగతి పనిముట్లకు క్రింది పిన్ను 28, పైది 25 మిల్లీమీటర్లు. చిన్న పిన్నునకు బుష్ తొడిగి సరిపుచ్చవచ్చును గాని, బుష్ తొడిగినందున చిన్న ట్రాక్టరునకు బలము పెరుగదు. లింకు కన్నును తొలిచి పెద్దది చేసినచో దాని బలమే తగ్గును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. బురదలో దిగబడిన చెరకు బండిని లాగుటకు గొలుసును పై లింకు చోట కట్టరాదు. లాగుడు ఇరుసుకంటె పైన పడినచో ముందు చక్రములు లేచి, క్షణములో ట్రాక్టరు వెనుకకు తిరుగబడి నడపువానిని నలిపివేయును. గొలుసును క్రింది డ్రాబారునకే కట్టవలయును.

తాతలు కొనిన యంత్రము మనుమల చేతిలో నడచుట మనకందరకును సంతోషమే. ఆ మనుమలు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరవలెనన్న, కొలత చూడక ఏ భాగమును బిగింపవలదని సోదరులందరకును మా మనవి.