వీసాకు పైసలు కట్టేముందు కాయితం మీద రాసుకునే ముచ్చట

మా అల్లుడు ఫోన్ల రోజుకో రీల్ చూపెడ్తడు. సూటేసుకున్నోడు ఒకడు నిలవడి పది పుస్తకాల సారం ఒక్క నిమిషంల చెప్తడు. రిస్క్ తీసుకో, పెద్దగ ఆలోచించు, లీడర్ లెక్క బతుకు! అల్లుడికి ఇరవై రెండేండ్లు. కోరుట్లల ఉండే మా అక్క కొడుకు. దుబాయి వీసా తయారున్నదని ఏజెంటు చెప్పిండట, పైసలు కట్టుడే తరువాయి. "పుస్తకాలు గూడ రిస్క్ తీసుకొమ్మనే చెప్తయి గద మామా" అన్నడు.

గసొంటి పుస్తకాలు నేను కొన్ని సదివిన. సగం పుస్తకాలు ఒక్క పేజీ ముచ్చటను మూడు వందల పేజీలు సాగదీస్తయి, అది వేరే సంగతి. కానీ డేనియల్ కానమన్ రాసిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' సదువుతుంటే మాత్రం మా ఇల్లే కండ్ల ముందట కనవడ్డది. కానమన్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆర్థికశాస్త్రంల 2002ల నోబెల్ వచ్చింది, ఈ పుస్తకం 2011ల వచ్చింది. మనిషి మెదడు కండ్లకు కనవడ్డదే మొత్తం అనుకుంటదట. కనవడనిది ఏమన్న ఉన్నదా అని ఆగి అడగదట.

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా బస్సుల పోతుంటే రోడ్డుపొంటి ఊర్లల్ల రెండంతస్తుల ఇండ్లు కనవడ్తయి. దుబాయి పైసలతోని కట్టినయని చూపెడ్తరు. బాకీ తీరక వాపస్ వచ్చి హైదరాబాద్‌ల వాచ్‌మన్ పని చేసేటోని ఇల్లు ఎవ్వరు చూపెట్టరు. పెట్టెల వచ్చినోని ఇల్లు అసలే చూపెట్టరు. పోరగాళ్లు లెక్కవెట్టేది బిల్డింగులనే.

మా అన్న 2014ల పోయిండు. రెండు లక్షల బాకి, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. డ్రైవర్ పని అని పంపిండు ఏజెంటు. దిగినంక చూస్తే కట్టడం కూలి, జీతం 800 దిర్హాములు. అప్పటి లెక్కల పదమూడు వేలు. తిండికి, ఫోనుకు పోను ఇంటికి పంపేది ఎనిమిది వేలు. అండ్ల మొదటి నెల మిత్తికే నాలుగు వేలు పోయినయి. చానా రోజులకు నేను కూసోని లెక్క చేసిన. ఒక్క నెల తప్పకుండ ఎనిమిది వేలు కట్టుకుంట పోయినా బాకి తీరేటందుకు మూడేండ్లు పడ్తది. వీసా రెండేండ్లకే. పోకముందు చేస్తే పది నిమిషాల లెక్క అది.

పద్నాలుగు నెలలకు నడుము నొస్తున్నది, వచ్చేస్తనన్నడు. "మరి పెట్టిన పైసలు ఎట్ల రావాలె?" అని నాయిన అన్నడు. నేను గూడ గదే అన్న. పుస్తకాలల్ల దీన్ని సంక్ కాస్ట్ అంటరు, అంటే మునిగిన పైసలు. అన్న అక్కడ ఉన్నా, ఇంటికి వచ్చినా ఏజెంటుకు ఇచ్చిన రెండు లక్షలు పోయినట్టే. ఇగ చూసుకోవాల్సింది ముందటి ఏడాది ఎక్కడుంటే నాలుగు పైసలు, పాణం మిగుల్తయన్నదే. ఒక బోరు ఎండితే పక్కకే ఇంకో బోరు ఏసి మునిగిన రైతుకు గీ ముచ్చట నేను చెప్పనక్కరలేదు. అన్న వీసా పొడిగించుకొని మూడేండ్లుండి వచ్చిండు. ఇప్పటికీ బియ్యం సంచి లేపడు.

ఇంటికే గాదు, ఊరికి గూడ గిట్లనే అయితది. సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది. ఏడాదికి కోటి దాకా చీరలు. నేత కార్మికునికి చేతినిండ పని దొరికింది, అది మంచి పనే. 2023ల సర్కారు మారినంక ఆ ఆర్డర్ ఆగింది, సాంచాలు ఆగినయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చినంకనే మళ్ల చప్పుడైంది. క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997ల రాసిన 'ది ఇన్నోవేటర్స్ డైలమా'ల పెద్ద కంపెనీలు తమ పెద్ద గిరాకీ మాటనే వినుకుంట వినుకుంట ఎట్ల దెబ్బతింటయో ఉంటది. సిరిసిల్లకు అది అచ్చంగ అతకదు. యజమాని నూలిస్తే ఆసామి సాంచా నడుపుతడు, కార్మికుడు కూలికి నేస్తడు. గిరాకీని ఎంచుకునే అధికారం కిందోనికి ఏడిది? అగ్గిపెట్టెల పట్టే చీర నేసిన నల్ల విజయ్‌ది గూడ సిరిసిల్లనే, పనితనం లేక కాదు. ఒక్క గిరాకీ ఆగితే ఎట్ల అన్న ప్రశ్నను పని మంచిగ నడిచే రోజుల్లనే గట్టిగ అడగాల్సి ఉండే.

ఆ ప్రశ్న అడిగే ఉపాయం గూడ ఒకటున్నది. గ్యారీ క్లైన్ అనే ఆయన చెప్పిండు, కానమన్ గూడ మెచ్చుకున్నడు. పేరు ప్రీమార్టెం. సచ్చినంక పోస్టుమార్టం చేస్తరు గద, ఇది బతికుండంగనే చేసేది. పని మొదలు పెట్టకముందే అందరు కూసోవాలె. ఏడాది గడిచింది, మన పని పూర్తిగ మునిగింది అనుకోవాలె. ఎందుకు మునిగిందో ఎవలది వాళ్లు కాయితం మీద రాయాలె. "ఏమన్న అయితదా" అని అడిగితే అందరు "ఏం కాదు" అంటరు. "అయిపోయింది, ఎందుకైంది" అంటే భయమున్నోడు గూడ నోరు తెరుస్తడు. లీడర్ అంటే ముందట నడిచేటోడని రీల్ చెప్తది. మా ఇంట్ల నాయిన ముందటనే నడిచిండు, ఎనుక ఉన్నోళ్లను ఎన్నడు అడగలే.

రిస్క్ ముచ్చటకు ఆలేరు దిక్కు చింతకింది మల్లేశంను చూడాలె. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొస్తుంటే యంత్రం చేద్దామని దిగిండు. హైదరాబాద్‌ల పని చేసుకుంటనే ఒక్కో భాగం తయారు చేసిండు, 1999 దాకా పట్టింది. పద్మశ్రీ 2017ల వచ్చింది.

మొన్న ఆయితారం అల్లుడిని, బావను, అక్కను కూసోవెట్టి తలా ఒక కాయితం ఇచ్చిన. దుబాయి పోయుడు మునిగింది, ఎందుకో రాయిండ్రి అన్న. బావ "పని మారింది" అని రాసిండు. అల్లుడు "పాణం బాగలేక వచ్చిన" అని రాసిండు. అక్కకు రాయరాదు. చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంటనే అన్నది: "ఏజెంటు ఫోన్ ఎత్తలే. ఎవలిని అడగాల్నో మాకు తెల్వలే."

ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా అని ఎవ్వరం అడగనే లేదు! సర్కారు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల నంబర్ కొట్టి చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు తీసుకునే సర్వీస్ చార్జి గూడ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించొద్దని రూల్ ఉన్నది. వీళ్లను అడిగింది లక్షా ఎనభై వేలు. అల్లుడు అప్పుడే ఫోన్ చేసి లైసెన్సు నంబర్ అడిగిండు. రేపు చెప్త అన్నడట. ఇయ్యాల్టికి నాలుగొద్దులైంది.