మూలకర్త మాట, అభిమానుల ఆక్షేపము: ఆలన్ మూర్ చిత్రకథల చలనచిత్రీకరణము

ఒక ప్రక్రియలో వెలసిన కృతి వేఱొక ప్రక్రియలోనికి మాఱునపుడు మూలకర్త అభిప్రాయమునకు ఎంత విలువ యీయవలయును? ఈ ప్రశ్న విమర్శకు క్రొత్తది కాదు. ఇటీవల దీనిని తీవ్రముగా లేవనెత్తినది ఆంగ్ల రచయిత ఆలన్ మూర్ వివాదము. 1953లో ఇంగ్లండునందలి నార్తాంప్టన్ పట్టణమున జన్మించిన మూర్ ‘వాయిస్ ఆఫ్ ది ఫైర్’ (1996), ‘జెరూసలెం’ (2016) అను నవలల కర్త. నవలాకారుడు కాకమునుపే చిత్రకథారచయితగా ప్రసిద్ధుడు. తన చిత్రకథలను చలనచిత్రములుగా మార్చుటను ఆయన నిరసించెను. ఆ నిరసనను ఆయన అభిమానులే పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపముల బలాబలములను విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

ముందుగా వివాదపూర్వాపరములు. డేవ్ గిబ్బన్స్ చిత్రములతో 1986-87లలో 12 సంచికలుగా వెలువడిన ‘వాచ్‌మెన్’ 1988లో హ్యూగో పురస్కారమును పొందినది. ఎడ్డీ క్యాంప్‌బెల్ చిత్రించిన ‘ఫ్రం హెల్’ 2001లోను, కెవిన్ ఓనీల్ చిత్రించిన ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్’ 2003లోను తెరకెక్కినవి. ఈ రెండవ చలనచిత్రముపై కథాచౌర్యారోపణతో వ్యాజ్యము నడువగా మూర్ సాక్ష్యమీయవలసి వచ్చెను. ఆ పిమ్మట ఆయన తెరతో సంబంధము త్రెంచుకొనెను. 2006లో విడుదలైన ‘వి ఫర్ వెండెట్టా’పైగాని, 2009 నాటి ‘వాచ్‌మెన్’పైగాని తన పేరు వేయనీయలేదు, తన వంతు ధనమును చిత్రకారులకే వదలెను. 2022 అక్టోబరులో ‘గార్డియన్’ పత్రిక ప్రతినిధితో ముచ్చటించుచు, లక్షలాది వయోజనులు బాట్‌మాన్ చిత్రములకై బారులు తీరుట బాల్యావస్థకు మఱలుటయే యనియు, అట్టి మనఃస్థితి తఱచు ఫాసిజమునకు పూర్వరంగము కాగలదనియు చెప్పెను.

అభిమానుల ఆక్షేపములు ముఖ్యముగా మూడు. చూడని చిత్రములను నిందించుట తగదనునది మొదటిది. ఇతరుల పాత్రలను తాను వాడుకొనుచు, తన పాత్రలను ఇతరులు ముట్టరాదనుట అన్యాయమనునది రెండవది. ప్రేక్షకులను పసివారని తూలనాడుట అహంకారమనునది మూడవది.

మొదటి ఆక్షేపము సగము నిజము. మూర్ వాదము ఏదో ఒక చలనచిత్రమును గూర్చినది కాదు, ప్రక్రియను గూర్చినది. చిత్రకథలో కాలము పాఠకుని చేతిలో నుండును. ‘వాచ్‌మెన్’ ఐదవ అధ్యాయమున తొలి పుట తుది పుటకు, రెండవది దానికి ముందరి పుటకు ప్రతిబింబములుగా కూర్పబడినవి. పాఠకుడు పుటలు వెనుకకు త్రిప్పి ఆ పొందికను గుర్తింపగలడు. చలనచిత్రశాలలో కాలము యంత్రము వెంట పరువెత్తును. కాని దీనివలన తేలునది చలనచిత్రము మూలముతో సమానము కాజాలదనియే. మంచిది కాజాలదని కాదు. మన అలంకారశాస్త్రము ఇచట ఉపకరించును. కాళిదాసు భారతకథకు దుర్వాసశాపమును చేర్చుటను కుంతకుడు ప్రకరణవక్రతయని మెచ్చెను. మూలమునుండి తొలగుట దోషము కాదు; ఆ తొలగుట రసపోషకమా కాదా యనునదే విచార్యము. 2009 నాటి చలనచిత్రము చాలవఱకు మూలచిత్రములనే అనుసరించియు, ముగింపున న్యూయార్కుపై పడు వికృతజంతువును విడిచి, డాక్టర్ మన్‌హాటన్ శక్తిని బోలిన విస్ఫోటములను నిలిపినది. ఆ మార్పు గుణమో దోషమో చెప్పవలెనన్న చిత్రమును చూడకతప్పదు.

రెండవ ఆక్షేపము పైకి మిక్కిలి బలవత్తరము. ‘లీగ్’లో హాగర్డు, వెర్న్, వెల్సు, స్టోకరుల పాత్రలే సంచరించును. ‘వాచ్‌మెన్’ సైతము తొలుత చార్ల్‌టన్ సంస్థవారి పాత్రలతో ఊహింపబడినదే. కావున ఎరవు కళకు పాపమని మూర్ అనజాలడు. అయినను ఆయన అసలు ఫిర్యాదు వేఱు. గ్రంథముద్రణ నిలిచిన కొంతకాలమునకు హక్కులు కర్తలకు తిరిగి వచ్చునని ‘వాచ్‌మెన్’ ఒప్పందమున కలదు. ఆ కాలమున చిత్రకథాగ్రంథములు ఏండ్లతరబడి ముద్రణలో నిలుచుట అరుదు. ఈ గ్రంథమో నిరంతరము ముద్రితమగుచునే యున్నది. హక్కులు తిరిగి రాలేదు. ఇది మాట నిలుపుకొనుటకు సంబంధించిన ప్రశ్న. ఎరవును గూర్చిన వాదముతో దీనిని త్రోసిపుచ్చుట పొసగదు.

మూడవ విషయమున అభిమానులదే పైచేయి. జనులు నిలిచిన వరుసను జూచి దేశరాజకీయమును నిర్ణయించుటకు ప్రమాణము చాలదు. పైగా అతిమానుషవీరుల కథ ప్రౌఢచిత్తమునకు ఆహారము కాగలదని నిరూపించినవారిలో మూరే ముఖ్యుడు. కాని ఆయన భయము నిర్మూలము కాదు. ముసుగు వీరునకు అధికారమప్పగింపగోరు కోరికను పరీక్షించుటకే ఆయన రోర్షాక్ పాత్రను సృష్టింపగా, పాఠకులలో పెక్కురు వానినే ఆదర్శముగా గ్రహించిరి. కర్త హెచ్చరికగా వ్రాసినదానిని అభిమాని ఆరాధ్యముగా చదివెను.

పై విచారణవలన ఒక వివేకము సిద్ధించుచున్నది. ఒప్పందవిషయమున మూలకర్త మాట వాది మాట. దానిని న్యాయదృష్టితో వినవలయును. ప్రక్రియావిషయమున అది నిపుణుని సాక్ష్యము. గ్రంథముతో పోల్చి పరీక్షింపవలయును. ప్రేక్షకుల స్వభావమును గూర్చి అది పెక్కు అభిప్రాయములలో ఒకటి మాత్రమే. ఈ మూటిని కలగలిపి మూలకర్తను పూర్తిగా నమ్ముటయు, పూర్తిగా తిరస్కరించుటయు సమానదోషములు. అనుసరణములను పరిశోధించు విద్యార్థులు ఏ ప్రశ్నకు ఏ ప్రమాణము చెల్లునో తొలుతనే నిర్ణయించుకొందురుగాక.