తలుపు నునుపు తేలాలంటే ఏ శాండర్ కొనాలి?

చిత్రిక పట్టిన తలుపు రెక్క చేతికి నున్నగానే తగులుతుంది. వార్నీషు పడ్డాక మాత్రం బ్లేడు వదిలిన సన్నని గట్లు, లేచిన పోగులు ఒక్కొక్కటే బయటపడతాయి. వాటిని ముందే తీసేయడానికి పెట్టిన యంత్రం శాండర్. నెల్లిమర్ల, విజయనగరం ప్రాంతంలో గుమ్మాలకూ తలుపులకూ మంచాలకూ వాడే టేకు, వేప, పనస కర్రలు దాని కింద ఒకేలా అరగవు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. వేడెక్కితే పొడి ముద్దకట్టి గరుకు కాగితాన్ని పూడ్చేస్తుంది. వేపలో నార పెనవేసుకుని ఉంటుంది కనుక చిత్రిక ఎటు పట్టినా ఎక్కడో ఒకచోట పోగు లేస్తుంది. అలాంటి కర్రకు మంచి శాండర్ నిజంగా అక్కరకొస్తుంది.

చాలా చోట్ల శాండర్ బదులు గ్రైండర్‌కే గరుకు బిళ్ల బిగించి పని కానిచ్చేస్తారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. చెయ్యి కాస్త వంగితే చాలు, అర్ధచంద్రాకారపు గాడి పడుతుంది. పాలిష్ ఆ గాడిని దాచదు సరికదా, ఇంకా ఎత్తి చూపుతుంది. ఫినిషింగ్‌కు గ్రైండర్ పనికిరాదు.

బెల్ట్ శాండర్ మోటు పనికి పుట్టింది. 76 మి.మీ. వెడల్పున్న గరుకు పట్టీ ఒకే దిశలో పరుగెడుతూ కర్రను వేగంగా తినేస్తుంది. పలకలు అతికించిన బల్ల పైభాగంలో ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి దానికి సాటి లేదు. అయితే దాన్ని నార వెంటే నడపాలి. ప్లైవుడ్ మీది టేకు పొర సాధారణంగా మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దానిమీద బెల్ట్ పెడితే క్షణాల్లో లోపలి పొర కనిపిస్తుంది.

చివరి పనికి మిగిలేవి రెండు. మొదటిది నాలుగు పలకల అడుగున్న ఆర్బిటల్ శాండర్. దీని అడుగు తిరగదు, ఉన్నచోటే చిన్న చిన్న సున్నాలు చుడుతుంది. ఏ దుకాణంలోనైనా దొరికే 9×11 అంగుళాల గరుకు కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దీనికి సరిపోతుంది. ధర తక్కువ, తలుపు ప్యానెల్ మూలల్లోకీ చేరుతుంది. పని మాత్రం నెమ్మది. వెలుతురు ఏటవాలుగా పడితే ఆ సున్నాల గీతలు కంటపడతాయి.

రెండోది రాండమ్ ఆర్బిట్ శాండర్. దీని గుండ్రటి అడుగు ఒక పక్క సున్నాలు చుడుతూనే, మరో పక్క తనంతట తాను మెల్లగా తిరుగుతుంది. అందువల్ల ఏ రేణువూ పాత గీత మీదే మళ్లీ గీయదు, గీతలు చెదిరిపోయి కంటికి ఆనవు. నార దిశ మారే గుమ్మం కీళ్ల దగ్గర దీని విలువ తెలుస్తుంది. యంత్రాన్ని అదిమితే ఆ తిరుగుడు ఆగిపోతుంది. అడుగు అంచున పెన్సిల్‌తో ఒక గీత గీస్తే సంగతి తేలుతుంది: గీత తిరుగుతూ కనబడితే ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు, ఒకేచోట నిలిచిందంటే చెయ్యి బరువైనట్టు. సెకనుకు అంగుళం చొప్పున, యంత్రం బరువుకే వదిలి నడపాలి.

ఒక్క యంత్రమే కొనేవారికి 5 అంగుళాల రాండమ్ ఆర్బిట్ శాండరే సరైనది. వేగం తగ్గించుకునే వీలు, కర్ర మీంచి ఎత్తగానే అడుగును అదుపుచేసే బ్రేకు ఉన్నాయో లేదో చూడాలి. దీనికి వెల్‌క్రో బిళ్లలు కావాలి, వాటి రంధ్రాలు అడుగు రంధ్రాలతో కలవాలి. కలవకపోతే పొడి లోపలికి పోక కాగితం పూడుకుపోతుంది. కొనేముందే ఆ బిళ్లలు దగ్గర్లో దొరుకుతాయో లేదో అడిగి తెలుసుకోవడం మేలు.

యంత్రం ఎంత మంచిదైనా కాగితం వరుస తప్పితే దండగే. 80 నంబరు రేణువు సుమారు 0.2 మి.మీ., 220 నంబరు రేణువు 0.07 మి.మీ. ఉంటుంది. 80 వేసిన గీతల్ని 220 తుడిచేయలేదు, మధ్యలో 120, 180 నడవాలి. ప్రతి నంబరుకూ ముందు కర్రమీద పెన్సిల్‌తో గీతలు గీసి, అవి మాయమయ్యేదాకా రుద్దితే ఎక్కడా వదిలిపెట్టడం ఉండదు. తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే అణిగి ఉన్న పోగులు లేస్తాయి. వాటిని 220తో తేలిగ్గా తీసేయాలి. కోత అంచులు రంగు ఎక్కువ పీల్చి నల్లబడతాయి కనుక అక్కడ ఇంకో మెట్టు సన్న కాగితం వాడాలి.

యంత్రం చేయలేని పనీ ఉంది. గుమ్మం మీది నగిషీనీ, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణ కుండ వంపునీ చేత్తోనే రుద్దాలి. చదునైన అడుగు వంపు మీద ఆనితే అక్కడ చదును పడిపోతుంది.

కర్ర పొడి విషయంలో రాజీ కూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది, ముక్కు లోపలి భాగానికి ముప్పు ఎక్కువ. యంత్రానికున్న చిన్న సంచీ సన్నపొడిని పూర్తిగా ఆపదు. వాక్యూమ్ గొట్టం తగిలించి, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. పండగ ముందు పాత తలుపుల రంగు గీకేవారు ఇంకా జాగ్రత్తపడాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. అలాంటి తలుపు మీద, అందునా పిల్లలున్న ఇంట్లో, శాండర్ పెట్టవద్దు.