పెద్దలు కతోలిక సభలో చేరు విధము

ఏటేటా ఫిబ్రవరి నెలలో గుణదల మేరీమాత ఉత్సవమునకు ఏలూరు, పెదపాడు, కొల్లేటి లంకల నుండి జనులు తండోపతండములుగా పోవుదురు. వారిలో హిందువులును పెక్కుమంది. కొబ్బరికాయ కొట్టి, తలనీలాలు సమర్పించి, మ్రొక్కుబడి చెల్లించి ఇల్లు చేరుదురు. మీ మతమేమని అచట అడుగువారు లేరు. మ్రొక్కు వేఱు, మతమున చేరుట వేఱు. ఈ రెండవదానికి కతోలిక శ్రీసభ ఏర్పరచిన దారి పలువురు తలంచునంత చిన్నది కాదు.

పూర్వము పెద్దలు జ్ఞానస్నానమునకు ముందు చాలకాలము శిక్షణలో గడపెడివారు. మహాపండితుడైన అగస్టీను సైతము 387లో, ముప్పది రెండేండ్ల ప్రాయమున, మిలాను నగరములో పాస్కా జాగరణ రాత్రి స్నానము పొందెను. తరువాత శిశువుల జ్ఞానస్నానమే పరిపాటియై ఆ పద్ధతి మరుగునపడెను. రెండవ వాటికన్ మహాసభ 1963లో దానిని పునరుద్ధరింపుమని ఆదేశింపగా, 1972లో క్రొత్త క్రమము వెలువడెను.

ఆసక్తి కలవాడు మొదట విచారణ గురువునో, ఊరి ఉపదేశినో కలిసికొనును. ఇది ప్రశ్నల కాలము. క్రీస్తు ఎవరు, పూజలో జరుగునదేమి, ఇంటివారు కాదన్నచో ఏమి చేయవలెను - ఏదైనను అడుగవచ్చును, మాట ఈయనక్కరలేదు. మనసు కుదిరిన పిమ్మట గుడివాకిట నుదుట సిలువ గుర్తు వేసి స్వీకరింతురు. అది మొదలు అతడు జ్ఞానస్నానార్థి. ఆదివారము సువార్త వినును గాని దివ్యసత్ప్రసాదము లోకొనడు. జ్ఞానతండ్రియో జ్ఞానతల్లియో తోడుగా నుందురు. ఈ దశ కొందరికి నెలలు, కొందరికి ఏండ్లు పట్టును.

తపస్సుకాలపు తొలి ఆదివారమున పీఠాధిపతి అతనిని ఎన్నుకొనును. (ఏలూరు 1976లో విజయవాడ నుండి వేరుపడి ప్రత్యేక మేత్రాసనమైనది.) పిదప మూడు ఆదివారములు సమరీయ స్త్రీ, పుట్టుగ్రుడ్డి, లాజరు కథలు చదివి అతనికై ప్రత్యేక ప్రార్థనలు జరుపుదురు. మన దాళ్వా చేలు పండు రోజులలో వచ్చు పాస్కా జాగరణ నాటి రాత్రి జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, సత్ప్రసాదము మూడును ఒక్క పూజలోనే లభించును.

ఈ ప్రాంతమున లూథరన్ సంఘస్థులు మెండు. తండ్రి, కుమార, పవిత్రాత్మల నామమున నీటితో పొందిన స్నానము వారికి చెల్లును, మరల ఈయరు. విశ్వాస ప్రకటన చేసి చేరుదురు.

ఇక ఇంటిల్లిపాదికి సంబంధించిన మాట ఒకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కులపు హోదా నిచ్చెను, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించెను, క్రైస్తవులకు వర్తింపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా గణింతురు. కూలి కుటుంబమున కొడుకు చదువు, కూతురి కొలువు దీనితో ముడిపడియుండును. చేరిన తరువాత ఈ సంగతి తెలిసి బాధపడుటకంటె ముందే భార్యాబిడ్డలతో కూర్చుండి మాటాడుట మేలు. గురువును అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. విశ్వాసము స్వీకరింపుమని ఎవరిని గాని బలవంతపెట్టరాదని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. జ్ఞానస్నానపు తొట్టి చేరువరకు అతడు ఆగవచ్చును, వెనుకకు మరలవచ్చును, మరుసటి యేడు తిరిగి రావచ్చును.