పెసల డబ్బాలో కనిపించని పోరు: జత కట్టడమే ఆడ పురుగు ప్రాణానికి ముప్పు ఎందుకవుతోంది?

కొన్ని నెలలు కదపకుండా ఉంచిన పెసల డబ్బా మూత తీస్తే గింజల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. కొన్ని గింజలకు డ్రిల్లు వేసినట్టు గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. రెండు మూడు గోధుమరంగు పురుగులు చేతి మీదికి పాకుతాయి. చాలా ఇళ్లలో ఆ గింజలను చేటలో పోసి చెరిగి, ఎండబెట్టి, విషయం అక్కడితో మరిచిపోతారు.

ఇళ్లలో పుచ్చు పురుగు అనీ, పప్పు పురుగు అనీ పిలిచే ఈ జీవి శాస్త్రీయ నామం కల్లోసోబ్రూకస్ మాక్యులేటస్. పెసలు, అలసందలు, మినుములు, శనగలు దీనికి ఇష్టం. వంటింట్లో ఇది పీడ. జీవశాస్త్రవేత్తలకు మాత్రం పరిణామ క్రమంలోని ఒక చిక్కుముడిని విప్పడానికి దొరికిన మంచి సాధనం. విదేశీ ప్రయోగశాలల్లో పెంచే ఈ పురుగుల్లో ‘సౌత్ ఇండియా’ అనే రకం ఒకటుంది. 1979లో తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో పురుగు పట్టిన పెసర, మినుము కాయల నుంచి సేకరించిన పురుగుల సంతతి అది.

ఆ చిక్కుముడి ఇదీ: సంతానం కోసం కలిసే ఆడ, మగ జీవులు ఒకదానికొకటి హాని ఎందుకు చేసుకుంటాయి?

ముళ్లున్న అవయవం

ఈ జాతి మగ పురుగు జననాంగం చివర గట్టి, పదునైన ముళ్లు ఉంటాయి. జత కట్టే సమయంలో అవి ఆడ పురుగు జననమార్గం గోడల్లో గుచ్చుకుంటాయి. ఆ గాయాలు మానిన చోట నల్లటి మచ్చలు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద చూస్తే ఆడ పురుగు ఎంత దెబ్బతిన్నదో ఆ మచ్చలే చెబుతాయి.

బ్రిటన్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు హెలెన్ క్రడ్జింగ్టన్, మైక్ సివా-జోతి 2000లో ‘నేచర్’ పత్రికలో ఈ గాయాల గురించి రాశారు. జత కట్టిన కాసేపటికి ఆడ పురుగు వెనక కాళ్లతో మగ పురుగును గట్టిగా తన్నడం మొదలుపెడుతుంది. అలా తన్నే వీలు లేకుండా చేస్తే ఏమవుతుందో వారు పరీక్షించారు. జత కట్టే సమయం పెరిగింది. గాయాలు కూడా తీవ్రమయ్యాయి. అంటే ఆ తన్నులు ఆడ పురుగు తనను తాను కాపాడుకునే ప్రయత్నం. రెండోసారి జత కట్టిన ఆడ పురుగులు, ఒక్కసారే జత కట్టిన వాటికంటే ముందుగా చనిపోయాయని కూడా వారు గుర్తించారు.

ఇంత నష్టం ఉన్నా ఆడ పురుగు మళ్లీ ఎందుకు జత కడుతుంది?

దీనికి దొరికిన జవాబుల్లో ఒకటి దాహం. నిల్వ గింజల మధ్య బతికే పెద్ద పురుగుకు తిండీ ఉండదు, నీళ్లూ ఉండవు. గింజ లోపల పిల్ల పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని ఆస్తి. మగ పురుగు జత కట్టినప్పుడు వదిలే ద్రవం దాని శరీర బరువులో చెప్పుకోదగ్గ వంతు ఉంటుంది. అందులో నీరు కూడా ఉంటుంది. స్వీడన్‌కు చెందిన మార్టిన్ ఎడ్వర్డ్‌సన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, నీళ్లు అందుబాటులో ఉంచిన ఆడ పురుగులు మళ్లీ జత కట్టడానికి అంతగా ముందుకు రాలేదు. అంటే ఈ కలయికలో ఆడ పురుగుకు కొంత లాభమూ ఉంది, కొంత నష్టమూ ఉంది. ఆ లెక్క ఎటు మొగ్గుతుందో దాని అవసరాన్ని బట్టి మారుతుంది.

ఇద్దరి లెక్కలూ ఒకటి కావు

ఆడ, మగ జీవులు కలిసి సంతానాన్ని కంటున్నాయి కాబట్టి రెండింటి ప్రయోజనాలూ ఒకటేనని చాలాకాలం అనుకున్నారు. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జెఫ్రీ పార్కర్ 1979లో రాసిన ఒక వ్యాసం ఆ ఆలోచనను మార్చడంలో కీలకమైంది. ఆయన పేడ ఈగలను ఏళ్ల తరబడి గమనించారు. గుడ్లు పెట్టడానికి పేడ మీదికి వచ్చిన ఆడ ఈగ కోసం మగ ఈగలు పోటీ పడతాయి. ఆ పెనుగులాటలో ఒక్కోసారి ఆడ ఈగ పేడలో కూరుకుపోయి చనిపోతుంది.

ఆ మగ ఈగలకు ఆడ ఈగ చావు వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ వెనక్కి తగ్గిన మగ ఈగకు సంతానమే ఉండదు. పోటీలో నెగ్గిన దాని లక్షణాలే తర్వాతి తరానికి వెళ్తాయి. ఆడ ఈగకు కావాల్సింది వేరు. క్షేమంగా బతకడం, చేతనైనన్ని గుడ్లు పెట్టడం దాని లాభం. ఒకరికి మేలు చేసే లక్షణం మరొకరికి కీడు చేసే ఈ పరిస్థితినే శాస్త్రవేత్తలు లైంగిక సంఘర్షణ అంటున్నారు.

పప్పు పురుగు ముళ్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుందా? గాయపడిన ఆడ పురుగు మరో మగ పురుగు జోలికి పోదు కాబట్టి, గాయం చేయడమే ఆ ముళ్ల పని కావచ్చని మొదట్లో ఒక ఊహ ఉండేది. దాన్ని పరీక్షించడానికి కొందరు పరిశోధకులు కీటకాల్లో ఆడవాటికి కృత్రిమంగా గాయాలు చేసి చూశారు. అయినా అవి మొదటి మగ పురుగుకు లాభం కలిగేలా తమ ప్రవర్తన మార్చుకోలేదు. హాని చేయడం అసలు ఉద్దేశం కాదని, మరేదో లాభం వెంట వచ్చే దుష్ఫలితమని ఈ ఫలితాలు సూచించాయి.

ఆ లాభం ఏమిటో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీలో గోరన్ ఆర్న్‌క్విస్ట్ బృందం వెతికింది. పొడవైన ముళ్లున్న మగ పురుగులు పోటీలో ఎక్కువ గుడ్లను ఫలదీకరించగలుగుతున్నాయని 2009లో తేలింది. 2012 నాటి ప్రయోగంలో లేజర్‌తో ముళ్లను పొట్టిగా కత్తిరించారు. అలాంటి మగ పురుగులు పోటీలో వెనకబడ్డాయి. ముళ్లు చేసిన గాయాల గుండా వీర్యద్రవంలోని పదార్థాలు ఆడ పురుగు శరీరంలోకి చేరుతున్నాయని కూడా ఆ ప్రయోగం చూపించింది.

ఆడ పురుగులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ కుటుంబంలోని వేర్వేరు జాతులను పోల్చిచూస్తే, మగ పురుగుల ముళ్లు ఎక్కువ హానికరంగా ఉన్న జాతుల్లో ఆడ పురుగుల జననమార్గం గోడలు మందంగా ఉన్నట్టు 2007లో అదే బృందం గుర్తించింది. ఒకవైపు కత్తికి పదును పెరుగుతుంటే మరోవైపు డాలు మందమవుతోంది. రెండు వైపులా ఖర్చు పెరుగుతోంది తప్ప, ఎవరూ శాశ్వతంగా గెలవడం లేదు.

నల్లుల్లో మరీ దారుణం

మంచాల్లో, సినిమా హాలు కుర్చీల్లో మనుషులను వేధించే నల్లుల సంగతి ఇంకా విచిత్రం. ఆడ నల్లికి జననమార్గం ఉన్నా, మగ నల్లి దాన్ని ఉపయోగించదు. సూదిలాంటి అవయవంతో ఆడ నల్లి పొట్టను పొడిచి, నేరుగా శరీరంలోకి వీర్యాన్ని పంపుతుంది. వీర్యకణాలు అక్కడి నుంచి రక్తంలాంటి ద్రవం గుండా ప్రయాణించి అండాశయాలకు చేరతాయి. జననమార్గం గుడ్లు పెట్టడానికి మాత్రమే పనికొస్తుంది.

ప్రయోగశాలలో సహజంగా జరిగేన్నిసార్లు జత కట్టిన ఆడ నల్లులు, తక్కువసార్లు జత కట్టిన వాటికంటే దాదాపు 25 శాతం తక్కువ కాలం బతికాయని 2001లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పొడిచిన ప్రతిసారీ గాయంతో పాటు క్రిములు కూడా లోపలికి వెళ్లే ప్రమాదముంది. ఆడ నల్లి శరీరంలో దీనికి విరుగుడు కూడా రూపుదిద్దుకుంది. మగ నల్లి సాధారణంగా పొడిచే చోటే, రోగనిరోధక కణాలతో నిండిన ప్రత్యేక కణజాలం ఏర్పడింది. అది గాయం వల్ల జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది.

బలప్రయోగమే కాదు, బెదిరింపు కూడా ఉంటుంది. చెరువు నీటిపై జారుతూ తిరిగే పొడుగు కాళ్ల పురుగుల్లో ఒక జాతి మీద దక్షిణ కొరియాలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆడ పురుగు ఒప్పుకోకపోతే మగ పురుగు దాని వీపుపై కూర్చుని నీటిపై కాళ్లతో తట్టి అలలు పుట్టిస్తుంది. ఆ అలలు నీటి అడుగు నుంచి వేటాడే పురుగులను రప్పిస్తాయి. కింద ఉండేది ఆడ పురుగు కాబట్టి, ముందు దొరికేది అదే. ఆ భయంతో అది త్వరగా లొంగిపోతుందని పరిశోధకులు తేల్చారు.

పోటీ తీసేస్తే ఏమవుతుంది?

ఈ పోరు తప్పనిసరా? మగ్గిన అరటిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగల మీద జరిగిన ప్రయోగాలు దీనికి ఆసక్తికరమైన జవాబిచ్చాయి. ఈ ఈగల్లో ఆయుధం కంటికి కనిపించదు. మగ ఈగ వీర్యద్రవంలోని ప్రోటీన్లు ఆడ ఈగ చేత ఎక్కువ గుడ్లు పెట్టిస్తాయి, వేరే మగ ఈగపై ఆసక్తి తగ్గిస్తాయి. అదే సమయంలో దాని ఆయుష్షును కూడా తగ్గిస్తాయని 1995లో ట్రేసీ చాప్‌మన్ బృందం చూపించింది.

అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన బ్రెట్ హాలండ్, విలియం రైస్ 1999లో మరో అడుగు ముందుకేశారు. కొన్ని ఈగలను జంటలుగా విడదీసి, ఒక ఆడ ఈగకు ఒకే మగ ఈగ ఉండేలా నలభైకి పైగా తరాల పాటు పెంచారు. అక్కడ మగ ఈగకు పోటీ లేదు. తన జంట ఎంత బాగుంటే దాని సంతానం అంత ఎక్కువ. తరాలు గడిచేకొద్దీ ఈ మగ ఈగలు ఆడ ఈగలకు తక్కువ హాని చేసేవిగా మారాయి. ఆడ ఈగల్లో తట్టుకునే శక్తి కూడా తగ్గింది, ఎందుకంటే దాని అవసరం తగ్గింది. మొత్తంగా ఆ ఈగల సంతానోత్పత్తి పెరిగింది.

అంటే క్రూరత్వం మగ జీవి స్వభావంలో చెక్కేసిన గుణం కాదు. పోటీ ఎలా ఉంటే ప్రవర్తన అలా మారుతోంది. ఎవరికి వారు ఎక్కువ నీళ్లు తోడుకుంటే ఊరి చెరువు ఎండిపోయినట్టు, ఒక్కో మగ ఈగ తన లాభం చూసుకుంటే మొత్తం జాతి నష్టపోతోంది.

మనుషులకు ముడిపెట్టడం తప్పు

ఇలాంటి పరిశోధనలు వెలువడినప్పుడల్లా వాటిని మనుషులకు అన్వయించే ప్రయత్నాలు కనిపిస్తాయి. కీటకాల ప్రవర్తనకు ‘అత్యాచారం’ అనే మాట వాడటంపై 1980ల నుంచే శాస్త్రవేత్తల్లో అభ్యంతరాలున్నాయి. ఆ మాటకు నేరం, బాధ్యత, సమ్మతి అనే అర్థాలున్నాయి. నల్లికి ఇవేవీ వర్తించవు. అందుకే చాలామంది ‘బలవంతపు జత’ వంటి మాటలు వాడుతున్నారు.

ప్రకృతిలో ఒక పని జరుగుతోందంటే అది సరైనదని అర్థం కాదు. కలరా కూడా ప్రకృతిలో ఉన్నదే. ఈ పరిశోధన పురుగు ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది. మనిషి ఎలా ప్రవర్తించాలో చెప్పదు.

దోమల మీద కొత్త ఆయుధం

మరి దీనివల్ల ప్రయోజనం ఏమిటి? ఆడ పప్పు పురుగులు త్వరగా చనిపోతే పెసలకు మేలేగా అనిపించవచ్చు. అలా జరగదు. ఆడ పురుగు బయటికి వచ్చిన తొలి కొద్ది రోజుల్లోనే చాలా గుడ్లు పెట్టేస్తుంది. ఆయుష్షు తగ్గే నాటికే గింజకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

అయితే ఒక జాతి మగ పురుగులు మరో జాతిని దెబ్బతీయగలవు. పప్పు ధాన్యాలకు పట్టే మరో పురుగు కల్లోసోబ్రూకస్ చైనెన్సిస్ మగవి, మాక్యులేటస్ ఆడ పురుగుల వెంట పడి అవి పెట్టే గుడ్ల సంఖ్యను తగ్గిస్తున్నాయని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. గింజ లోపల తిండి కోసం జరిగే పోటీలో మాక్యులేటస్‌దే పైచేయి. అయినా ఈ వేధింపు వల్ల అది ఓడిపోగలదు.

ఈ ఆలోచనకే మరో రూపం 2025 జనవరిలో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. సిడ్నీలోని మక్వారీ యూనివర్సిటీకి చెందిన శామ్యూల్ బీచ్, మాసీయె మాసెల్కో జన్యుమార్పిడితో మగ ఈగల వీర్యద్రవంలో సాలీడు, సముద్రపు ఎనిమోన్‌ల విష ప్రోటీన్లు తయారయ్యేలా చేశారు. వాటితో జత కట్టిన ఆడ ఈగల ఆయుష్షు 37 నుంచి 64 శాతం వరకు తగ్గిందని ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో రాశారు. సహజంగా జరుగుతున్న హానినే మరింత పెంచి వాడుకోవడం ఇది.

దీని అసలు గురి డెంగీని మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టై దోమ. మనుషులను కుట్టేది ఆడ దోమలే. సంతానం కలగని మగ దోమలను వదిలే పాత పద్ధతిలో తర్వాతి తరం తగ్గుతుంది కానీ, జత కట్టిన ఆడ దోమ చనిపోయేదాకా కుడుతూనే ఉంటుంది. విష వీర్యం పద్ధతిలో ఆ ఆడ దోమే త్వరగా చనిపోతుంది కాబట్టి వ్యాధి వ్యాప్తి వెంటనే తగ్గవచ్చని పరిశోధకుల అంచనా. ఆ ప్రయోగం జరిగింది పండ్ల ఈగలపైనే. దోమలపై చేసి చూపాలి, మనుషులకూ ఇతర జీవులకూ సురక్షితమని తేల్చాలి. జన్యుమార్పిడి జీవులను పర్యావరణంలోకి వదలాలంటే భారత్‌లో కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉన్న జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ అనుమతి తప్పనిసరి.

పెసల డబ్బాకు మాత్రం ఇప్పటికీ పాత ఉపాయాలే పనిచేస్తున్నాయి. గింజలను బాగా ఎండబెట్టాలి, కొద్దిగా ఆముదం పట్టించాలి, గాలి చొరబడని డబ్బాలో నిల్వ చేయాలి. నూనె పట్టిన గింజ మీద గుడ్లకు గాలి అందదు. పురుగుల పోరు ఎలా సాగినా, పిల్ల పురుగు గింజలోకి వెళ్లకముందే ఆపడం మన చేతిలోని పని.