బొటనవేలి కింద బోర్డు

స్కేట్‌బోర్డు మీదున్న మనిషి చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడాన్ని ఆలీ అంటారు. దాదాపు ప్రతి విన్యాసానికీ అదే పునాది. 1999లో వచ్చిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ వీడియో గేమ్‌లో దానికి ఒక్క బటన్ చాలు. రెండు నిమిషాల గడువులో విన్యాసాలను దండలా గుచ్చుకుంటూ పోయి పాయింట్లు పోగెయ్యడమే అందులో మజా. బయట ఏ స్కేటరూ చెయ్యలేని ఫీట్లు అందులో చిటికెలో అయిపోతాయి.

2007లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు చెందిన బ్లాక్ బాక్స్ స్టూడియో తెచ్చిన ‘స్కేట్’ ఇంకో దారి పట్టింది. విన్యాసాలను బటన్ల మీంచి తీసి కంట్రోలర్ కుడి స్టిక్ మీద పెట్టింది. స్టిక్‌ని కిందికి లాగితే స్కేటర్ మోకాళ్లు వంచుతాడు. వెంటనే పైకి విదిలిస్తే ఆలీ. నిటారుగా కాకుండా ఏటవాలుగా విదిలిస్తే బోర్డు కాళ్ల కింద ఒక చుట్టు తిరుగుతుంది. ఏ వైపు విదిలించామన్న దాన్నిబట్టి అది కిక్‌ఫ్లిప్పో, హీల్‌ఫ్లిప్పో అవుతుంది. ఈ పద్ధతి పేరు ఫ్లికిట్. ఇందులో బొటనవేలి ఒడుపే అసలు విషయం. విదిలింపు కాస్త గాడి తప్పితే అనుకున్న విన్యాసం బదులు ఇంకోటి వస్తుంది, లేదా మనిషి కింద పడతాడు. కెమెరా కూడా నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి నాలుగు మెట్లు కూడా ఎత్తుగానే కనిపిస్తాయి. వాటిని శుభ్రంగా దాటిన ఆనందం ముందు లక్ష పాయింట్లు దిగదుడుపే.

ఈ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచే ఏర్పాటు సెషన్ మార్కర్. నచ్చిన చోట ఒక గుర్తు పెట్టుకుంటే, పడిన ప్రతిసారీ క్షణంలో అక్కడికే తిరిగి రావచ్చు. నిజం స్కేటర్లు ఒకే రెయిలింగు దగ్గర గంటలకొద్దీ కుస్తీ పడతారు. ఆ పట్టుదలను ఇంత నిజాయితీగా పట్టుకున్న గేమ్ నేను ఇంకోటి చూడలేదు.

ఇక పడడం. ఇక్కడ పడే తీరు ముందే తయారుచేసి పెట్టుకున్న యానిమేషన్ కాదు. వేగం, బరువు, తగిలిన కోణం లెక్కగట్టి కంప్యూటర్ అప్పటికప్పుడు తేల్చేది. ‘స్కేట్ 2’ దాన్నే ‘హాల్ ఆఫ్ మీట్’ పేరుతో పోటీగా మార్చింది: ఎంత ఘోరంగా పడితే, ఎన్ని ఎముకలు విరిగితే అంత స్కోరు! 2010 నాటి ‘స్కేట్ 3’లో ఈ లెక్కలే అదుపు తప్పాయి. స్కేటర్ చెయ్యో కాలో ర్యాంపులో ఇరుక్కుంటే, ఒకదాంట్లో ఒకటి దూరిన ఆ రెండు వస్తువులనూ విడదీయడానికి ప్రోగ్రామ్ విపరీతమైన బలం వాడుతుంది. దాంతో మనిషి రాకెట్‌లా ఆకాశంలోకి ఎగిరిపోతాడు, లేదా శరీరం రబ్బరులా సాగిపోతుంది. మెట్ల మీద పడడం అంత సహజంగా ఉండడానికీ, ఈ వింతలకూ మూలం ఒకటే.

ఈ వింతలే గేమ్‌కు రెండో జన్మనిచ్చాయి. విడుదలైన కొన్నేళ్లకు యూట్యూబ్‌లో ‘స్కేట్ 3’ వీడియోలు వెల్లువెత్తాయి. స్కేట్‌బోర్డు మొహం చూడని పిల్లలు కూడా పాత డిస్కుల కోసం వెతికారు. 2016లో ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఆడుకునే వీలు వచ్చింది. కొత్త భాగం మాత్రం రాలేదు. సంస్థ సోషల్ మీడియాలో ఏ పోస్టు పెట్టినా కింద అభిమానులు ‘స్కేట్ 4’ అని రాస్తూనే వచ్చారు. 2020లో ప్రకటన వెలువడింది. ఫుల్ సర్కిల్ అనే కొత్త స్టూడియో చేసిన గేమ్ 2025 సెప్టెంబరులో, పూర్తిగా తయారు కాకముందే ఎర్లీ యాక్సెస్‌గా, ఉచితంగా విడుదలైంది.

స్పందన మిశ్రమంగా వచ్చింది. స్టిక్ మీద పట్టు మునుపటిలాగే ఉందని చాలామంది మెచ్చుకున్నారు. బొమ్మల తీరు, డబ్బు పెట్టి కొనే అలంకరణ సరుకులు చాలామందికి రుచించలేదు. ఇంటర్నెట్ లేకపోతే గేమ్ నడవదన్న ఫిర్యాదు మాత్రం నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. ‘స్కేట్ 3’ని అన్నేళ్లు నిలబెట్టింది సంస్థ కాదు, ఆటగాళ్లు. డిస్కు చేతిలో ఉంది కాబట్టే అది వాళ్లకు సాధ్యమైంది. సర్వర్లకు కట్టేసిన గేమ్ సర్వర్లు ఆపేసిన రోజే ఆగిపోతుంది. దాన్ని కాపాడుకునే అవకాశం అభిమానుల చేతుల్లో ఉండదు.